లాకుల మలుపు

చల్లపల్లి,
12 ఆగస్టు 1998.

నాగుల్‌మీరా గారికి,

నమస్కారం. మీరు నన్ను మరిచిపోయి ఉంటారు. కిందటి వేసవిలో మా రైసు మిల్లు లారీకి బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్ కట్ట విరిగితే ఆటోనగర్‌లో మీ కొట్టుకి తెచ్చాం. నేనూ వచ్చాను. అందరూ మా డ్రైవరు లాజరుని తిడుతుంటే, మీరు లారీ కింద నుంచి తల బయటపెట్టి, "అతన్నెందుకండీ తిడతారు? అన్ని బస్తాలు ఎక్కించమన్నది మీరు. తిట్టాల్సింది మిమ్మల్ని" అని నా మొహం మీదే అన్నారు. మీ ఓనరు బడే మియా గారు మీ నోరు మూయించబోయారు. మీరు మూయలేదు. అందుకే ఈ ఉత్తరం ఆయన పేరున కాకుండా మీ పేరున రాస్తున్నాను.

ఇది తెచ్చిన లాజరు లారీలోనే ఒక కారు ఉంది. రెండు సీట్ల ఇంగ్లీషు బండి. టాపు లేదు. 1964 మోడలు. మా నాన్నగారు మద్రాసులో కొన్నారు. ముప్పై ఏళ్లుగా మా మిల్లు వెనక ఊక గోదాములో పడి ఉంది. దాన్ని మళ్లీ రోడ్డు మీద తిరిగేలా చేయాలి. ఇంజను, రేకు, రంగు మీ ఆటోనగర్‌లో ఎవరితో చేయించుకుంటారో మీ ఇష్టం. వెనక కమాన్ మాత్రం మీ చేత్తో మీరే చేయాలి. వెనక భాగం గట్టిగా ఉండాలి.

ఫోన్లో మాట్లాడదామంటే మా ఫోను అన్నయ్య హనుమయ్య గారి గదిలో ఉంటుంది. ఆ గదిలో నేను ధాన్యం గురించి, తవుడు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడను. అందుకని ఏం రాసినా లాజరు చేతికే ఇవ్వండి.

ఇట్లు,
రాజ్యలక్ష్మి


ఆటోనగర్, విజయవాడ,
21 ఆగస్టు 1998.

మేడం గారికి,

అమ్మగారు అని రాయను. మా నాయన మీలాంటివాళ్లని అమ్మగారూ అమ్మగారూ అనీ అనీ నడుం వంగిపోయాడు. మేడం చాలు.

మీరు "పడి ఉంది" అని రాశారు. పడి ఉండటం కాదండీ, అది చచ్చి ఉంది. సైలెన్సర్ గొట్టం వంచితే గంపెడు ఊక రాలింది. సీట్లలో ఎలకలు కాపురాలు పెట్టాయి. కాళ్లు పెట్టుకునే చోట రేకు లేదు, తుప్పు ఉంది. బడే మియా వేలితో పొడిస్తే వేలు అటు తేలింది. ఇలాంటి బండిని ఊకలో పూడ్చిపెట్టినవాళ్ల గురించి నా నోటికొచ్చింది రాస్తే మీరు బాధపడతారు. రాయడం లేదు.

నాది ఏడో క్లాసు. నన్ను కూర్చోబెట్టి ఎవరూ ఏమీ నేర్పలేదు. బండి కింద పడుకుంటా. వాడు ఇది ఇక్కడే ఎందుకు పెట్టాడో తెలిసేదాకా లేవను. అదే నా చదువు. మీ బండి కింద కూడా పడుకున్నా. లారీకైతే ఒక్కో చక్రం పక్కన ఒక్కో కమాన్ కట్ట, బండి పొడుగునా ఉంటుంది. మీదానికి వెనక ఉన్నది ఒకటే కట్ట, అదీ అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి, కావడి బద్దలా. దాని నడుముని మధ్యలో ఉండి చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్ పెట్టె మీద బిగించేశాడు. అక్కణ్ణుంచి రెండు చక్రాలూ పక్షి రెక్కల్లా వేటికవి పైకీ కిందికీ ఊగుతాయి. ఇంత పొదుపైన పని నేనింతవరకూ చూడలేదు. కట్టలో రెండు పట్టీలు విరిగిపోయాయి. బడే మియా చూసి "దీని మీద కోడిపెట్ట కూడా కూర్చోదు" అన్నాడు. ఆయన మా కొట్టు ఓనరు, నాకు ఉస్తాదు. నాకూ ఆయనకీ రోజుకో గొడవ, కానీ ఇనుము సంగతిలో ఆయన మాట నేను కాదనను.

ఒకటి అడగాలి. ముందు అద్దం ఫ్రేము ఎడమవైపుకి వంగింది. ఎడమ తలుపు పైఅంచు నలిగింది. పక్కనుంచి ఏదన్నా గుద్దితే అలా నలగదు. బండి బోర్లా పడితే నలుగుతుంది. ఏం జరిగింది?

నాగుల్‌మీరా


చల్లపల్లి,
29 ఆగస్టు 1998.

నాగుల్‌మీరా గారికి,

మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. రెండు చోట్ల కోపం కూడా వచ్చింది, అందులో ఒకటి న్యాయమైనదే.

ఫ్రేము సంగతి పాతది. బండి ఒకసారి పడింది. ఎవరి ప్రాణాలూ పోలేదు. ఇప్పటి పనికి ఆ కథతో అవసరం లేదు.

మీకు తెలియాల్సింది వేరే ఉంది. వచ్చే జనవరికి మా మిల్లు పెట్టి యాభై ఏళ్లు. ఆ పండగకి ఈ కారుని మిల్లు గేటు ముందు సిమెంటు దిమ్మ ఎక్కించి, చక్రాలు బోల్టులతో బిగించి, దండ వేయాలని మా అన్నయ్య ఆలోచన. బాగుచేయించడానికి ఒప్పుకున్నదే అందుకు. పైకి బొమ్మలా మెరిస్తే చాలంటాడు. నాకు బొమ్మ అక్కర్లేదు. దిమ్మ ఎక్కేలోగా అది విజయవాడ నుంచి చల్లపల్లి దాకా నడిచి రావాలి. నడిపేది నేను. ఈ ముక్క అన్నయ్యకి తెలీదు. లాజరుకీ తెలీదు. మీకే చెప్తున్నాను.

వెనక భాగం మాత్రం బాగా చూడండి.

రాజ్యలక్ష్మి


ఆటోనగర్,
29 సెప్టెంబరు 1998.

మేడం గారికి,

లేచింది! మీ బండి లేచింది!

ఇంజను నిన్న స్టార్టయింది. మొదట తుమ్మింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత పక్క కొట్టులో వెల్డింగు చేసేవాడు కూడా పని ఆపి వచ్చి చూశాడు. ఆ చప్పుడు లారీ చప్పుడు కాదు, జీపు చప్పుడు కాదు. బడే మియా కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన నమాజులో తప్ప కళ్లు మూయగా నేను చూడలేదు.

ఇక కమాన్. విరిగిన పట్టీలు తీసేసి కొత్తవి కొట్టా. లారీ పట్టీ ఉక్కు తెచ్చి, సన్నగా సాగదీసి, కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ సెగ చూపించి, పచ్చి కర్రతో రుద్ది పదును చూసుకుని పెట్టా. గట్టిగా ఉండాలన్నారు కాబట్టి పైన ఇంకో రెండు పట్టీలు ఎక్కువ వేశా. వంపు కూడా పెంచా. వెనక భాగం జానెడు లేచింది. పందెంకోడి తోక ఎత్తినట్టు నిలబడింది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలే బళ్లకి మేం ఇలాగే చేస్తాం, ఒక్కటీ వెనక్కి రాలేదు. డిక్కీలో బియ్యం బస్తాలు వేసి చూశా. చలించలేదు. మీ బండి మీద ఇప్పుడు కోడిపెట్ట కాదు, ఏనుగు కూర్చోవచ్చు.

రేపు కాలవ గట్టు రోడ్డు మీద ఉయ్యూరు దాకా తోలి చూస్తా. బడే మియా కూడా వస్తానంటున్నాడు. కొత్త టోపీ పెట్టుకొస్తాడట.

నాగుల్‌మీరా


ఆటోనగర్,
3 అక్టోబరు 1998.

రాజ్యలక్ష్మి గారికి,

మీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

ఉయ్యూరు ఇవతల కాలవతో పాటు రోడ్డు తిరిగేచోట నేనేమీ అడ్డదిడ్డంగా తోలలేదు. పదేళ్లుగా బళ్లు తోలుతున్నా. మలుపులోకి వెళ్లాక బడే మియా "నెమ్మదిరా!" అని అరిచాడు. యాక్సిలేటర్ మీంచి కాలు తీశా. అంతే. వెనక నుంచి ఎవరో చెయ్యి పెట్టి బండిని ఎత్తి తిప్పినట్టయింది. నా చేతిలో స్టీరింగ్ ఉంది, బండి లేదు. గిర్రున తిరిగి చెరుకు తోటలోకి వెనక్కి వెళ్లి పడ్డాం. చెరుకు ఒత్తుగా ఉండబట్టి బోర్లా పడలేదు. అదే కాలవ వైపు తిరిగుంటే ఈ ఉత్తరం రాసేవాడు ఉండడు.

రైతు మమ్మల్ని బూతులు తిట్టి, పడిపోయిన చెరుకు మొత్తం లేపి, దాని ఆకుతోనే గడలు కలిపి జడలు కట్టించాడు. పొద్దు గూకేదాకా కట్టాం. ఆకు కోసుకుని నా చేతులు చూడండి ఎలా ఉన్నాయో, మీరు చూడరులెండి. బడే మియా టోపీ ఆ తోటలోనే పోయింది. ఆయన నాతో మాట్లాడటం లేదు.

వంగిన ఫ్రేము గురించి అడిగితే "ఆ కథతో అవసరం లేదు" అన్నారు. అవసరం లేదా? మా ఉస్తాదుకి అరవై దాటాయి. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. అసలు సంగతి రాసేదాకా ఈ బండిని ముట్టుకోను. రాయకపోతే లాజరుని పంపించి తీసుకుపోండి. దిమ్మ ఎక్కించుకోండి.

నాగుల్‌మీరా


చల్లపల్లి,
7 అక్టోబరు 1998.

నాగుల్‌మీరా గారికి,

మీ కోపం నా నెత్తిన పెట్టుకుంటాను. బడే మియా గారికి కూడా నా మాటగా చెప్పండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం చదివి నేను మిల్లులోంచి బయటికొచ్చి ధాన్యం ఆరబోసిన కళ్లంలో అటూ ఇటూ నడిచాను. "వెనక నుంచి ఎవరో చెయ్యి పెట్టి బండిని ఎత్తి తిప్పినట్టయింది." ముప్పై ఏళ్ల కిందట మా నాన్నగారి ముందు నిలబడి నేను చెప్పింది కూడా అచ్చంగా ఇదే. ఆ రోజు నాన్నగారు మా అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య నేల వైపు చూశాడు. అంతటితో నా మాట పోయింది.

1968. నాకు ఇరవై రెండేళ్లు. లైసెన్సు ఉంది. చల్లపల్లిలో కారు నడిపిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొవ్వ దాటాక నీళ్లు ఆపే లాకుల దగ్గర కాలవ మీద మలుపు ఉంది చూశారూ, అక్కడ. పక్క సీట్లో అన్నయ్య. మలుపులోకి వెళ్లాక "రాజ్యం, కాలు తియ్యి!" అని అరిచాడు. తీశాను. బండి లేచి, తిరిగి, ఎడమవైపుకి బోర్లా పడింది. అన్నయ్యకి భుజం ఎముక విరిగింది. నాకు గీత కూడా పడలేదు. అదే నా నేరమైంది.

ఆ తర్వాత ఊళ్లో ఎవరి కోడలు స్కూటరు నేర్చుకుంటానన్నా "హనుమయ్య గారి చెల్లెలు ఏం చేసిందో మరిచావా?" అనేవారు. నేను ధాన్యం కొనడం నేర్చుకున్నాను, మిల్లు నడపడం నేర్చుకున్నాను. స్టీరింగ్ దగ్గర మాత్రం నన్ను ఎవరూ కూర్చోనివ్వలేదు. మొదట్లో గట్టిగా అడిగేదాన్ని. కొన్నాళ్లకి నా చేతుల్లోనే ఏదో లోపం ఉందేమో అని నాకే అనిపించడం మొదలైంది. మీతో ఈ సంగతి చెప్పకపోవడానికి కారణం అదే. చెప్తే మీరు కూడా నేల వైపు చూస్తారని.

ఒక్క ప్రశ్నకి జవాబు రాయండి. తర్వాత బండి సంగతి మీ ఇష్టం. తప్పు నాదా?

రాజ్యలక్ష్మి


ఆటోనగర్,
3 నవంబరు 1998.

రాజ్యలక్ష్మి గారికి,

కాదు.

ఇంత ఆలస్యంగా రాస్తున్నానంటే ఊరికే "కాదు" అని రాయడం నాకు ఇష్టం లేక. ఎందుకు కాదో తెలుసుకుని రాద్దామని. ఇప్పుడు తెలుసు.

బండిని దుంగల మీదకి ఎత్తి చక్రాల్ని గాలిలో వదిలి చూశా. వెనక చక్రాలు రెక్కల్లా ఊగుతాయని రాశా కదా. రెక్క కిందికి వాలితే చక్రం కింది అంచు బండి కిందికి ముడుచుకుంటుంది. మనిషి మడమ మెలితిరిగి పాదం లోపలికి పడిపోయినట్టు. మలుపులో గట్టిగా వెళ్తూ ఒక్కసారి కాలు తీస్తే బండి వెనక భాగం పైకి తేలుతుంది. తేలగానే బయటి చక్రం మడమ మెలితిరుగుతుంది. అది ముడుచుకున్నకొద్దీ బండి ఇంకా పైకి లేస్తుంది. ఇక స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా ఒకటే. మీ అన్నయ్య "కాలు తియ్యి" అని అరవకపోతే మీరు హాయిగా మలుపు దాటేవాళ్లు. బండిని బోర్లా వేసింది ఆయన నోరు. ముప్పై ఏళ్లు మిమ్మల్ని ఊకలో పూడ్చి, ఎముక విరిగింది నాకని జాలి కూడా తీసుకున్నాడు. నాకు మీ అన్నయ్యని చూస్తే ఏమవుతుందో తెలీదు, కనక చూపించకండి.

నేను చేసిన పని ఇంకా ఘోరం. గట్టిగా ఉండాలని పట్టీలు పెంచి, వెనక భాగం ఎత్తి, ఆ చక్రాల్ని ముందే సగం ముడిచి పెట్టా. చెరుకు తోలే బండికి చేసే పని మీ బండికి చేశా. లారీ బుర్ర.

దించాలి, పట్టీలు తగ్గించాలి అంటే బడే మియా ఎగిరిపడ్డాడు. "మా తాత రోజుల నుంచి ఈ కొట్టులో పట్టీ వేసి పంపడమే గానీ తీసి పంపడం లేదు. వీళ్ల దగ్గర పట్టీలు ఊడబీకుతారట అని ఆటోనగర్ అంతా నవ్వుతారు. నా కొలిమి మీద ఆ పని చేయకు" అన్నాడు. చేస్తా అన్నా. సుత్తి విసిరేశాడు. నేను బయటికి నడిచా. కొన్నాళ్లు పక్కవాడి దగ్గర పని చేశా.

అక్కడికో పది టైర్ల లారీ వచ్చింది. ఎప్పట్లాగే కింద పడుకున్నా. దాని వెనక రెండు ఇరుసుల మధ్య కమాన్ కట్టని గట్టిగా బిగించలేదు. నడుమ ఒక లావుపాటి పిన్ను మీద కూర్చోబెట్టాడు, తూకం కాటాలా. ఒక చక్రం గుంటలో దిగితే కట్ట ఊగి రెండో చక్రం మీద బరువు సర్దుతుంది. ఈ పిన్ను మీద వందసార్లు గ్రీజు కొట్టా నేను! ఏనాడూ చూడలేదు. గభాల్న లేచి లారీ ఛాసిస్‌కి తల కొట్టుకున్నా, ఇంకా వాచి ఉంది.

మీ బండి కట్టని కూడా అలాగే కూర్చోబెడతా. కింద పట్టీ ఒక్కటే బిగుతుగా ఉంటుంది. మిగతావి పిన్ను మీద ఊగుతాయి. అప్పుడు కట్ట బరువు మోస్తుంది గానీ మలుపులో బండిని ఎత్తి పారెయ్యదు. కట్ట ఊగితే మలుపులో బండి పక్కకి ఒరుగుతుంది, ఆ ఒరగడాన్ని ఆపడానికి ముందు వైపు అడ్డంగా ఉండే రాడ్డు తీసి, ఇంకా లావుది వంచి వేస్తా. వెనక భాగం దించుతా. ఇవన్నీ గీసి తీసుకెళ్లి బడే మియా ముందు పడేశా. ఆయన చాలాసేపు చూశాడు. "తీసేయడం కాదన్నమాట, ఊగనివ్వడం" అన్నాడు. కొలిమి ఊదమన్నాడు.

రంగు ఏం వేయాలి? తెల్లరంగు వేయమన్నాడట మీ అన్నయ్య, లాజరు చెప్పాడు. గీకి చూస్తే అడుగున ముదురు ఆకుపచ్చ ఉంది.

నాగుల్‌మీరా


చల్లపల్లి,
10 నవంబరు 1998.

నాగుల్‌మీరా గారికి,

మీరు రాసిన మొదటి మాట ఒక్కటే చదివి ఉత్తరం మడిచేశాను. మిగతాది మర్నాడు చదివాను.

ఇప్పుడు నా సంగతి. వినాయక చవితి నుంచీ ప్రతి గురువారం అవనిగడ్డలో సంపూర్ణమ్మ గారింట్లో పారాయణానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్తున్నాను. వెళ్తున్నది డ్రైవింగ్ స్కూలుకి. సంపూర్ణమ్మ గారికి తెలుసు, ప్రసాదం కూడా కట్టి ఇస్తుంది, ఇంట్లో అనుమానం రాకుండా. నేర్పే కుర్రాడు "ఆంటీ, క్లచ్చి మెల్లగా, భయపడకండి" అంటాడు. మూడో వారానికి వాడే పక్క సీట్లో నిద్రపోతున్నాడు. కొత్త లైసెన్సు వచ్చింది.

దిమ్మ పోశారు. నాలుగు బోల్టులు కూడా నిలబెట్టారు. జనవరి ఇరవై నాలుగున పండగ.

రంగు ఆకుపచ్చ. అన్నయ్య అడిగితే పెయింటరు పొరపాటు చేశాడని చెప్పండి.

రాజ్యలక్ష్మి


ఆటోనగర్,
8 జనవరి 1999.

రాజ్యలక్ష్మి గారికి,

పొరపాటని చెప్పను. ఆవిడ ఆకుపచ్చ అన్నారు, వేశాం అని చెప్తా. మీ బండి మీది.

మొదట చేసిన పిన్ను అరిగిపోయింది. రెండోది బిగిసిపోయి కట్ట ఊగనే లేదు. మూడోదానికి బడే మియా తన చేత్తో పదును పెట్టాడు, నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు. గన్నవరం జాన్‌బాబు సీట్లు కుట్టాడు. నిన్న మళ్లీ అదే కాలవ గట్టుకి వెళ్లా. చెరుకు కొట్టేశారు, ఈసారి పడితే పట్టుకోవడానికి ఏమీ లేదు. అదే మలుపు. ముందు నెమ్మదిగా, తర్వాత కొంచెం గట్టిగా, ఆ తర్వాత గట్టిగా. మలుపు నడిమధ్యలో కావాలని కాలు మొత్తం తీసేశా.

బండి వెనక భాగం కిందికి కూర్చుంది. కూర్చుని, కుస్తీ పట్టేవాడు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు నిలబడి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. అంతే! ఏమీ జరగలేదు! ఏమీ జరగకపోవడం ఇంత బాగుంటుందని నాకు తెలీదు. ఒక్కణ్ణే స్టీరింగ్ మీద కొట్టుకుంటూ అరిచా. ఆ రైతు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు, మళ్లీ వచ్చాడ్రా అని పరిగెత్తుకొచ్చాడు. ఎక్కించుకుని తిప్పా. దిగి, "మా ఆవిణ్ణి కూడా తిప్పుతావా?" అన్నాడు.

ఇరవై రెండో తారీకు పొద్దున బస్సులో వచ్చేయండి. మా కొట్టులో ఒక ఆచారం ఉంది. బండి ఓనరు తీసుకెళ్లే మొదటి ప్రయాణంలో కమాన్ తయారుచేసినవాడు బండిలో కూర్చోవాలి. కట్ట విరిగితే వాడి నడుం కూడా విరగాలని. అందుకని మీ పక్క సీటు నాది, చల్లపల్లి దాకా. మీరు తోలండి. నేను నోరెత్తను. నోరెత్తకుండా కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి అవుతుంది.

నాగుల్‌మీరా


ఆటోనగర్,
23 జనవరి 1999.

రాజ్యలక్ష్మమ్మ గారికి,

ఏమైంది? ఈ ఉత్తరం తెచ్చినవాడి చేతికే జవాబు రాసివ్వండి.

నిన్న ఉయ్యూరులో సీటు దిగి బస్సెక్కి వచ్చేశానని బడే మియా నా మీద నిప్పులు పోస్తున్నాడు. "ఆచారం తప్పావు. ఆ బండికేమన్నా అయితే ఈ కొలిమి ఆర్పేస్తా" అంటున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర మీ అన్నయ్య జీపు అడ్డం పెట్టి "దిగు రాజ్యం, ఆ కుర్రాడు తోలుకొస్తాడు" అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో ఏదో అనేసి దిగిపోయా. బస్సులో కూర్చున్నాక భయం పట్టుకుంది. కమాన్ గురించి కాదు. మలుపులో ఆయన మళ్లీ అరిస్తే మీరేం చేస్తారో అని.

పొద్దుట్నుంచి పని చేయలేకపోతున్నా. రాయండి.

నాగుల్‌మీరా


చల్లపల్లి,
24 జనవరి 1999.

చిరంజీవి నాగుల్‌మీరాకి,

ఇక 'గారు' రాయను, కోప్పడితే కోప్పడు.

బడే మియా గారితో చెప్పు, కొలిమి ఆర్పక్కర్లేదు. కట్ట విరగలేదు, నడుములూ విరగలేదు. ఆ పొద్దున ఆటోనగర్‌లో నన్ను స్టీరింగ్ దగ్గర చూసి అన్నయ్యకి ఫోనులో చెప్పింది లాజరు. బండి ఎవరు తోలుతున్నారో చెప్పొద్దని నేను అతనికి చెప్పలేదట. అదీ నిజమే.

ఉయ్యూరులో నువ్వు అన్న మాట నీకు గుర్తులేదేమో గానీ అన్నయ్యకి గుర్తుంది. ఇంటికొచ్చాక వదినకి చెప్పాడు, మిల్లు గుమస్తాకి చెప్పాడు, రాత్రి భోజనాల దగ్గర మళ్లీ నాకే చెప్పాడు. "'తయారుచేసినవాడే ఆ సీట్లో కూర్చోవాలండీ, మా కొట్టు ఆచారం. కమాన్ తయారుచేసింది నేను. ఈవిడకి నడపడం రాదన్న మాట తయారుచేసింది మీరు. ఎక్కండి!' అన్నాడు నాతో, వాడికెంత పొగరో చూశావా?" అని. మూడోసారి చెప్పేటప్పుడు నవ్వుతున్నాడు.

ఇవాళ పండగ బాగా జరిగింది. దిమ్మ దగ్గర మేస్త్రీలు స్పానర్లు పట్టుకుని నిలబడితే అన్నయ్య వెళ్లి "తిరిగే బండిని ఎవడన్నా బిగిస్తాడా? పొండి" అని పంపేశాడు. ఊరంతా బండి చుట్టూ మూగారు. ఆకుపచ్చ రంగు ఎవరు వేయించారని ఒకాయన అడిగితే మా వదిన "మా ఆడపడుచు" అంది.

ఇక మలుపు సంగతి.

ఉయ్యూరులో నువ్వు దిగిన సీట్లోకి అన్నయ్య ఎక్కాడు. పామర్రు దాకా రెండు చేతులా తలుపు పట్టుకుని కూర్చున్నాడు. కూచిపూడిలో సైకిళ్ల మీద బడిపిల్లలు మాతో పందెం వేస్తే నవ్వు ఆపుకున్నాడు, నేను చూశాను. మొవ్వ దాటాం. లాకులు కనిపించాయి. కాలవ నిండుగా ఉంది. అక్కడ నెమ్మది చేద్దామని ఉయ్యూరు నుంచీ అనుకుంటూనే వచ్చాను. చేయలేదు. ఆ రోజు ఎంత వేగంతో వెళ్లానో అంతే వేగంతో మలుపులోకి దిగాను.

అరిచాడు. అదే గొంతు. ముసలితనం కూడా మార్చలేదు. "రాజ్యం, కాలు తియ్యి!"

తీశాను. పూర్తిగా తీసేశాను. ఎందుకంటే నువ్వు రాసిన ప్రతి ముక్కా నాకు కంఠతా వచ్చు.

నా వెనకాల బండి ఒదిగి కూర్చోవడం నా నడుముకి తెలిసింది. కాలవ పక్కనుంచి గుండ్రంగా తిరిగింది, లాకులు వెనక్కి వెళ్లిపోయాయి. ఏమీ జరగలేదు నాగుల్‌మీరా. నువ్వు చెప్పినట్టే ఏమీ జరగలేదు.

కొంచెం ముందుకెళ్లి ఆపాను. అన్నయ్య దిగాడు. పంచె ఎగ్గట్టి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూశాడు. "ఇప్పుడు కాలు తీశావా?" అన్నాడు. తీశానన్నాను. "అప్పుడు కూడా నేను తియ్యమంటేనే తీశావా?" అన్నాడు. అవునన్నాను. తూము గోడ మీద కూర్చుని కాలవ వైపు చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆ మనిషి నోటి నుంచి నేను ఎదురుచూసిన మాటేదో వస్తుందనుకున్నాను. రాలేదు. లేచొచ్చి సీట్లో కూర్చుని, "ఇంకోసారి తిప్పు" అన్నాడు.

తిప్పాను. ఈసారి అరవలేదు. తలుపు పట్టుకోలేదు.

"మళ్లీ" అన్నాడు. మళ్లీ వెనక్కి వచ్చి మలుపు మొదట్లో ఆపాను. అప్పుడు నా వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా, "నేను తోలతానే ఒక్కసారి" అన్నాడు.

ఇవ్వలేదు.

రాజ్యలక్ష్మి